టిక్కెట్టుకి పన్నెండు చుట్లు

అంటాననరివోలో గురువారమంటే
మహమసిన సంత.
స్టేడియం గోడ పొడుగునా నీలం టార్పాలిన్లు,
వాటికింద ఎక్కడో చలిదేశాల వాళ్ళు
తొడిగి విడిచిన కోట్ల గుట్టలు.
మోకాళ్ళదాకా బట్టల్లో దిగి
నాట్లేసేవాళ్ళలా వంగి వెతుకుతారు ఆడవాళ్ళు.

నా చోటు సంత చివర,
అనూసి చెరువుకి తిరిగే మలుపులో.
బొగ్గుల కుంపటి. పన్నెండు గుంతల పెనం.
రాత్రే కలిపిన బియ్యప్పిండి పులుపు.
మూఫు గాసి అంటాం మేము,
పొంగడాలే అనుకోండి.
మాడిన అన్నంలో మరగబెట్టిన నీళ్ళు కూడా ఉంటాయి,
టీ రంగులో, కొంచెం చేదుగా.
దాహానికి అంతకు మించింది
ఆ పైన కొండమీద రాణిగారి కోటలో కూడా
ఉండి ఉండదు.

నాకెదురుగా త్సిలవిన రంగులరాట్నం.
కరెంటు లేదు, ఇంజను లేదు.
ఇంజను త్సిలవినే.
రెండు గుర్రాలు, ఒక విమానం,
మూపురం పెద్దదైన ఎద్దు,
హ్యాండిల్ ఊడిన మోటారుసైకిలు,
ముక్కు విరిగిన కోడిపుంజు.
అన్నీ కొయ్యవే. అన్నిటినీ ఆయన భుజమే తోస్తుంది.
ఆయన నడిచినచోట గడ్డి మొలవదు,
నేలమీద గాజులాగ
ఎర్రటి బాట ఒకటి పడిపోయింది.

టిక్కెట్టుకి పన్నెండు చుట్లు.
ఇది యజమాని రజూనా మాట.
పదమూడో చుట్టుకి బేరింగులు అరుగుతాయట.
ఆయన మోకాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

డబ్బుల్లేని పిల్లలకి వేరే లెక్క:
ఆరు చుట్లు తోస్తే మూడు చుట్లు ఎక్కొచ్చు.
ఇది రజూనాకి తెలియదు.
నంతేనైనా అనే పిల్లవాడు
చెప్పులు చంకలో పెట్టుకుని తోస్తాడు,
అరిగిపోతాయని.

అక్టోబరు చివర.
చెరువు చుట్టూ జకరండాలు రాలుతున్నాయి,
కాలేస్తే చిటుక్కుమని పేలే ఊదాపూలు.
ఫోటోలవాడు అద్దె టోపీలు దులుపుతున్నాడు.
బొమ్మల ఫుట్‌బాల్ బల్ల దగ్గర మగవాళ్ళు
ఓడిపోయిన చేతికర్రని తిడుతున్నారు.
మూడింటికి మొదటి వాన.

సంత మడుచుకోవడం చూశారా ఎప్పుడైనా?
రేకులు, సంచులు, కోళ్ళు, తిట్లు,
అన్నీ ఒకేసారి లేస్తాయి.
రజూనా డబ్బు డబ్బా పట్టుకుని ముందే వెళ్ళిపోయాడు.
నేను కుంపటి మీద గొడుగు పట్టుకుని ఉండిపోయాను,
నిప్పు ఆరితే రేపటికి అప్పు చెయ్యాలి.

రాట్నం పరదా కింద అయిదుగురు పిల్లలు.
ఎక్కమన్నారు ఆయన్ని.
సిగ్గుపడ్డాడు. చుట్టూ చూశాడు. నన్ను చూడనట్టు చూశాడు.
కోడిపుంజు ఎక్కాడు.
కొయ్యకోడి కిర్రుమంది.

నంతేనైనా తోశాడు, మిగతావాళ్ళు తోశారు,
బురదలో జారుతూ, నవ్వుతూ, తిట్టుకుంటూ.
నేను చూసింది ఆయన మొహం కాదు.
కాళ్ళు.
కోడికి రెండువైపులా వేలాడుతూ
గాలిలో నడుస్తూనే ఉన్నాయి.
నాలుగో చుట్టుకి నెమ్మదించాయి.
ఏడో చుట్టుకి ఒకటి ఆగింది.
రెండోది ఎప్పుడాగిందో చెప్పలేను,
బొగ్గుమీద చినుకు పడితే ఊదుతున్నాను.

దిగి వచ్చి గ్లాసు మాడునీళ్ళు తాగాడు.
"కళ్ళు తిరిగాయి" అన్నాడు.
కాసేపాగి,
"కొండమీద ఇళ్ళన్నీ మన చుట్టూ పరిగెడతాయి, తెలుసా" అన్నాడు.
నాకు తెలియదు. నేను ఎక్కలేదు.

మళ్ళీ గురువారం.
ఎండ, టార్పాలిన్లు, కోట్లు.
మొదటి టిక్కెట్టు, పసుపు గౌను పిల్ల, విమానంలో.
నేను అలవాటుగా లెక్కపెట్టాను.
పదమూడు.
రెండో టిక్కెట్టుకీ పదమూడే.

మధ్యాహ్నానికి రజూనాకి అనుమానం వచ్చింది.
"నువ్వు ఎదురుగానే ఉంటావుగా,
ఎన్ని తిప్పుతున్నాడు?"

"పన్నెండే" అన్నాను,
పెనంలో పిండి పోస్తూ.
"నా గుంతలూ పన్నెండే కదయ్యా,
నేను లెక్క తప్పుతానా?"